బెత్తెడు పొడవు

నా బండిని నాకు చెప్పకుండా బెత్తెడు పొడవు చేశారు. ఈ మాట చెబితే విన్నవాళ్లందరూ అంతేనా అన్నారు. బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు. జాకెట్టు చేతులు బెత్తెడు పొట్టిగా కుడితే దర్జీ కొట్టు ముందు నిలబడి వీధంతా వినపడేలా గొడవపడే మనుషులు, బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతేనా అంటారు. అంతే కాదు. ఆ బెత్తెడు నా దగ్గర్నుంచి ఏం తీసుకుపోయిందో చెప్పి తీరాలి. చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

నేను తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. నలభై దాటాయి. ఆదివారం వచ్చిందంటే ట్రయల్స్ బండి ఎక్కుతాను. ట్రయల్స్‌లో వేగంతో పని లేదు. మొద్దులు, బండలు, గుంతలు, ఇరుకు మలుపులు పెట్టి, ముగ్గుతో దారి గీస్తారు. ఆ దారంతా కాలు నేలకి ఆనించకుండా దాటాలి. ఆనిస్తే తప్పు కింద లెక్క. ఎవరికి తప్పులు తక్కువైతే వాళ్లది పైచేయి. మన స్కూళ్లలో ఆగస్టు పదిహేనుకి స్లో సైకిల్ పోటీ పెట్టేవాళ్లు గుర్తుందా, అందరికంటే వెనక వచ్చినవాళ్లే ఫస్టు, కాలు కింద పెడితే అవుటు? దానికే మోటారు తగిలించి, దారి నిండా అడ్డాలు పెడితే అదే ట్రయల్స్. నేను పుట్టింది రేపల్లె దగ్గర పల్లెటూళ్లో. పొలం గట్ల మీద సైకిలు తొక్కి పెరిగినదాన్ని. స్లో సైకిల్లో నన్ను ఓడించినవాళ్లు మా బళ్లో లేరు.

ట్రయల్స్ కోసమే తయారయ్యే బళ్లు మా వైపు కొట్లలో దొరకవు. అందుకని ఒక పాత మోటారు సైకిలు కొని, తెనాలిలో తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లి సీటు పీకించాను, చిన్న టాంకు వేయించాను, వెనక చక్రాన్ని ముందుకి జరిపించాను. ఈ జరిపించడమే అసలు పని. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే దూరాన్ని వీల్‌బేసు అంటారు. ట్రయల్స్ బండి గుణమంతా ఆ దూరంలోనే ఉంది. అది తక్కువైతే హ్యాండిలు కొద్దిగా లాగగానే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, ఉన్నచోటనే బండి మలుపు తిరుగుతుంది. ఎక్కువైతే చక్రం లేవదు, మలుపుకి చోటు చాలదు. పొడుగు నిచ్చెన భుజాన వేసుకుని ఇరుకు సందులో తిరగబోయినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మొద్దు దాటేటప్పుడు ఇంకో చిక్కుంది. ముందు చక్రం అవతలికి దిగి, వెనక చక్రం ఇంకా ఇవతలే ఉన్నప్పుడు, పొడుగు బండి పొట్ట మొద్దుకి ఆని అక్కడే కూలబడుతుంది.

పొడుగు బండి చెడ్డదని నేననను. గడ్డిమోపు వేసుకుని కాలవ కట్ట మీద పోయేవాడికి పొడుగే మేలు, తిన్నగా నిలకడగా పోతుంది. నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు కూడా పొడుగు బండి త్వరగా వెనక్కి తిరగబడదు. పొట్టి బండి తిరగబడుతుంది. ఆ సంగతి నాకు ఒళ్లంతా తెలుసు. కిందటేడు ఒక సిమెంటు వాలు ఎక్కబోతూ ముందు చక్రం ఆకాశానికి లేపి, వెల్లకిలా పడి, మణికట్టు విరగ్గొట్టుకున్నాను.

అప్పుడు చూడాలి మా ఊరి జనాన్ని. పరామర్శకి వచ్చినవాళ్లు వచ్చినట్టే సలహా పారేసి వెళ్లారు. ఆడవాళ్లకి స్కూటర్లున్నాయి కదండీ అన్నారు. ఈ వయసులో ఇవన్నీ ఏంటండీ అన్నారు. మా స్టాఫ్ రూములో ఒకాయన నా కట్టు వైపు చూసి, ఇంతకీ మీ ఆయన ఏమీ అనరా అనడిగాడు. చెయ్యి నాది, బండి నాది, విరిగిన ఎముక నాది, అనాల్సింది మాత్రం మా ఆయనట. ఇదెక్కడి విడ్డూరమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా మామయ్యగారు మాత్రం ఒక్క మాట అనలేదు. రేపల్లెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరై, అత్తయ్యగారు పోయాక తెనాలి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. నాకు మత్తుమందు ఇచ్చి ఎముక సరిచేస్తున్నంత సేపూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. కట్టు విప్పాక నేను మళ్లీ బండి బయటికి తీస్తే వద్దనలేదు. ఆదివారం పొద్దున్నే నేను లేచేసరికి కాఫీ కలిపి ఉంచేవారు. ఈ ఇంట్లో నన్ను అర్థం చేసుకున్న మనిషి ఈయనొక్కరే అని నేను నలుగురిలో చెప్పుకుని మురిసిపోయాను.

ఆయనకి ఒక వ్యాపకం ఉంది. ఆయం చూస్తారు. మా వైపు ఇల్లు కట్టేముందు పొడవునీ వెడల్పునీ గుణించి, తొమ్మిదితో హెచ్చవేసి, ఎనిమిదితో భాగించి, మిగిలిన శేషాన్ని బట్టి ఆ కొలత మంచిదో కాదో చెప్పే పద్ధతి ఉంది. ఒక శేషానికి ధ్వజాయం, ఒకదానికి సింహాయం, ఇంకోదానికి వృషభాయం, అవన్నీ మంచివి. ఖరాయం చెడ్డది. ఖరమంటే గాడిద. ఖరాయం వచ్చిందంటే గోడ నాలుగు వేళ్లు అటో ఇటో జరిపిస్తారు. తెనాలి నుంచి రేపల్లె దాకా ఇల్లు కట్టేవాళ్లు ప్లాను కాగితం చుట్టుకుని మా గుమ్మంలోకి వస్తుంటారు. ఆయన దమ్మిడీ పుచ్చుకోరు. నాకు ఈ ఆయాల మీద నమ్మకం లేదు, ఆయనకి నా బండి మీద నమ్మకం లేదు. ఎవరి గోల వారిది అనుకుని హాయిగా బతికాం.

ఈ ఏడు బాపట్లలో ఎంపిక పెట్టారు. సముద్రం వైపు సరుగుడు తోటల్లో మేం కొందరం కలిసి సాధన చేస్తాం. మాకు నేర్పే కోచ్ ఒకప్పుడు బయటి రాష్ట్రాల్లో పోటీలకి వెళ్లినాయన. బెంగళూరు దగ్గర జరిగే పెద్ద పోటీకి మా గుంపులోంచి ఇద్దర్ని తీసుకెళతానన్నాడు. ఆ ఇద్దరిలో నేనుండాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. అక్కడ నిజమైన కొండరాళ్ల మీద నడపొచ్చు. మా డెల్టాలో తవ్విన కొద్దీ మట్టే, రాయన్నది దొరకదు. కూల్చిన ఇళ్ల చెత్త, తాటి మొద్దులు, పగిలిన సిమెంటు తూములు పోగేసుకుని వాటినే కొండలనుకుంటున్నాం. నలభై దాటిన మనిషికి ఇలాంటి పిలుపులు ఏటా రావు. ఈ మాట ఇంట్లో అందరి ముందూ చెప్పాను. మామయ్యగారూ విన్నారు.

ఎంపికకి ముందు బ్రేకులు బిగించి గ్రీజు పెట్టమని బండిని మెకానిక్కు దగ్గర ఇచ్చాను. కాలేజీలో పరీక్షలు జరుగుతున్నాయి, నాకు తీరిక లేదు. ముందు రోజు సాయంత్రం మా ఆయనే వెళ్లి తెచ్చి, పట్టా కప్పి ట్రాలీ ఆటోలో కట్టించాడు. తెల్లారగానే బాపట్ల చేరాం. బండి దించగానే ఎందుకు కనిపెట్టలేదని మీరు అడగొచ్చు. అతుకుల మీద నల్ల రంగు వేసి ఉంది, చూసేవాళ్లకి అదే బండి. అయినా సొంత ఇంట్లో మంచి నీళ్ల గ్లాసు అందుకునేటప్పుడు ఎవరైనా వాసన చూసి తాగుతారా?

మొదట తాటి మొద్దు. ఎప్పటిలాగే ఒళ్లు వెనక్కి వంచి హ్యాండిలు లాగాను. ముందు చక్రం లేవలేదు, మొద్దుకి గుద్దుకుంది. నా చేతిలో బలం తగ్గిందనుకున్నాను. ఆ మణికట్టే మోసం చేస్తోందనుకున్నాను. రెండోసారి బలవంతాన లేపితే ముందు చక్రం అవతల పడింది, బండి పొట్ట మొద్దు మీద ఆని ఆగిపోయింది. కాలు కింద పెట్టాను. తర్వాత ఇటుక ముక్కల గుట్ట. నేనెప్పుడూ భయపడే ఎత్తు అది. ఎన్నడూ లేనంత నిలకడగా ఎక్కేసింది. గుండె కుదుటపడింది. దిగీ దిగగానే సరుగుడు చెట్ల మధ్య మలుపులు. ఆ చెట్లు నాకు ఇంట్లో స్తంభాలంత పరిచయం, కళ్లు మూసుకుని తిరిగేదాన్ని. తిరగలేదు. ముందు చక్రం చెట్టుని దాటింది, వెనక చక్రం చెట్టు మొదలుకి తగులుకుంది. మళ్లీ కాలు పెట్టాను. తర్వాతి మలుపులోనూ పెట్టాను. చూస్తున్నవాళ్లలో ఒకడు పాపం అన్నాడు. తిట్టినా పడేదాన్ని, ఆ పాపం మాటకి మాత్రం ప్రాణం చచ్చిపోయింది.

పక్కకి తెచ్చి నిలబెట్టి, నా చేతుల్లో లేని తప్పు ఎక్కడుందా అని వంగి చూశాను. వెనక చక్రానికీ ఫ్రేముకీ మధ్య సందు ఎక్కువగా కనిపించింది. నాలుగు వేళ్లు పెట్టి చూశాను. సరిగ్గా పట్టాయి. చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చేతులు రెండూ కోసి, మధ్యలో ముక్క పెట్టి అతికారు. చైనుకి కొత్త లింకులు మెరుస్తున్నాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

కోచ్ దగ్గరికి వెళ్లి చూపించాను. ఆయన వంగి చూశాడు, అయ్యయ్యో అన్నాడు, ఇంకో బండి మీద మళ్లీ అవకాశం ఇవ్వమంటే మిగతావాళ్లు ఒప్పుకోరన్నాడు. అది న్యాయమే, దానికి నేనేమీ అనను. కానీ ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు. ఇంట్లోవాళ్లు చేయించుంటారు, ఇంటి విషయంలో నేనేం చెప్పనమ్మా అన్నాడు. ఎవడో దొంగ వచ్చి కోసుంటే పోలీసులకి చెప్పమనేవాడు. ఇంట్లోవాళ్లు కోస్తే మాత్రం అది ఇంటి విషయమట. ఇద్దరు కుర్రాళ్ల పేర్లు చదివారు. నేను మూడోదాన్ని.

మా ఆయన్ని నిలదీశాను. బండి తెచ్చేటప్పుడే మెకానిక్కు చెప్పాడట, నాన్నగారు కొలతలిచ్చి మార్పించారని. మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

"చెబితే గొడవవుద్దని ఊరుకున్నా," అన్నాడు.

అంటే గొడవయ్యే పని అని తెలుసన్నమాట. తెలిసి, దాని మీద పట్టా కప్పి, తాళ్లతో కట్టి, నాతో పాటు కూర్చుని బాపట్ల దాకా వచ్చాడు. దారిలో ఇడ్లీ కూడా తినిపించాడు.

ఇంటికొచ్చేసరికి మామయ్యగారు గుమ్మంలోనే ఉన్నారు. నేను నోరు తెరవకముందే నన్ను పైనుంచి కిందికి చూసి, దెబ్బలేం తగల్లేదు కదా అన్నారు. తగిలింది, మీరు కొట్టిన దెబ్బే అన్నాను. ఆయన తడబడలేదు. క్లాసులో వెనక బెంచీ పిల్లకి చెప్పినట్టు శాంతంగా చెప్పారు. నా బండి పొడవునీ హ్యాండిలు వెడల్పునీ తీసుకుని లెక్క వేస్తే ఖరాయం వచ్చిందట. అందుకే కిందటేడు పడ్డానట. ఇప్పుడు వృషభాయం చేయించారట. ఎంపిక పోయింది మామయ్యగారూ అంటే, చూశావా, ఆయం మార్చాం కాబట్టి కాలు కింద పెట్టడంతో సరిపోయింది, మార్చకపోతే ఏమయ్యేదో అన్నారు.

ఏం చెబుతారు దీనికి? గెలిస్తే ఆయం గెలిపించింది, ఓడితే ఆయం కాపాడింది. నలభైమంది పిల్లలకి న్యూటన్ సూత్రాలు బల్లగుద్ది చెప్పే నేను, నా ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడి నోరెళ్లబెట్టాను. ఇంతా చేసి, బండి నడిపేదాన్ని నేనని, నన్నొక మాట అడగాలని ఆయనకి తోచనే లేదు. కోడలి బండి ఇంట్లో గోడ లాంటిదన్నమాట, పెద్దవాళ్లు ఎటు జరిపిస్తే అటు జరగాలి.

మర్నాడు కాలేజీ అవగానే మెకానిక్కు మీదికి వెళ్లాను. బండి ఎవరిదని అడిగాను. మీదేనక్కా అన్నాడు. మరి నా ఫోను నెంబరు నీ దగ్గర లేదా అన్నాను. ఉందన్నాడు. మరి? పెద్దాయన వచ్చి చెబితే మీకు తెలిసే ఉంటుందనుకున్నానండి అన్నాడు. ఇంటి పెద్ద చెబితే ఇంట్లో అందరూ చెప్పినట్టేనని అతని లెక్క. అతని ఒక్కడిదే ఏంటి, ఊరందరిదీ అదే లెక్క. గాడిద పేరు చెప్పి బండి కోయమంటే ఎలా కోశావయ్యా అని గట్టిగానే తగులుకున్నాను. అప్పుడతను చేతిలో పానా కింద పెట్టాడు.

"ఆయం సంగతి ముందు ఎత్తలేదక్కా. ఈ బండి వెనక్కి తిరగబడకుండా ఏం చెయ్యాలని అడిగారండి. బెత్తెడు పొడుగు చేస్తే అంత తేలిగ్గా తిరగబడదన్నాను. ఆ తర్వాతే టేపు అడిగి తీసుకున్నారు."

ఆ బెత్తెడు కలిపి మొదట కొలిస్తే మంచి ఆయం రాలేదట. హ్యాండిలు చివర రబ్బరు తొడుగులు వదిలేసి కొలిస్తే వచ్చిందట. ఆ, వృషభమే, కానివ్వండి అన్నారట.

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయన లెక్కల మాస్టారు. కొలతలో రబ్బరు తొడుగు వదిలేస్తే లెక్క చెడుతుందని ఆయనకి తెలియదా? తెలుసు. ఆయం చూసి బండిని పొడుగు చెయ్యలేదు, బండిని పొడుగు చెయ్యాలని ఆయం వెతికారు. పైగా ఆ పని వల్ల నిజంగానే బండి ఎత్తు మీద నిలకడగా ఎక్కింది, అది నేను కళ్లారా చూశాను. దాంతో నా కోపం ఇంకా పెరిగింది. ఆయన నిజంగా నమ్మి చేసుంటే పోనీలే అనుకునేదాన్ని.

ఇంటికెళ్లేసరికి ఎవరో ప్లాను కాగితం తెచ్చి వరండాలో కూర్చున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగాను. వెళ్లాక ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మెకానిక్కుని ఆయన మొట్టమొదట ఏం అడిగారో నాకు తెలిసిపోయిందన్నాను. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టారు.

"మీకు భయమేసింది మామయ్యగారూ. భయమేస్తే భయమేస్తోందని నాతో చెప్పాలి. గాడిదనీ ఎద్దునీ అడ్డం పెట్టుకోకూడదు," అన్నాను.

"చెబితే మానేస్తావా?"

"మానను."

"అందుకే చెప్పలేదమ్మా," అన్నారు.

వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేస్తుంటే ఆయన అటు చూశారు. అప్పుడు చెప్పారు. గొంతు తగ్గించి, ఎటో చూస్తూ చెప్పారు. ఆ రోజు ఆసుపత్రిలో నన్ను చక్రాల మంచం మీద తోసుకెళుతుంటే ఆయనకి అత్తయ్యగారిని తీసుకెళ్లిన రోజే కళ్లముందు కనిపించిందట. ఆదివారం పూట కాఫీ కలిపిచ్చాక నేను తిరిగొచ్చేదాకా అన్నం సహించదట. వద్దనే అధికారం తనకి లేదని తెలుసట, వద్దంటే నేను ఆయన్ని కూడా ఆ స్టాఫ్ రూము మనుషుల్లో కలిపేస్తానని తెలుసట.

"భయంగా ఉందమ్మా. ఇప్పుడూ ఉంది," అన్నారు.

నా కోపం సగం నీరుగారింది. సగమే. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను కూడా. కానీ ఆ మిగతా సగం ఉందే, అది కదల్లేదు. నాతో చెబితే ఆయన భయాన్ని నేను కూర్చుని వినేదాన్ని. నా భయం కూడా చెప్పేదాన్ని, నాకేం లేదా? ప్రతి ఎత్తు ముందూ ఉంటుంది. ఇద్దరం భయపడుతూనే కాఫీ తాగేవాళ్లం, నేను వెళ్లేదాన్ని. ఆయన ఆ దారి వదిలేసి నా బండిని కోయించారు. ఇంతమంది ప్రేమించేవాళ్లున్న ఇంట్లో నన్నొక్క మాట అడిగే మనిషి లేకపోయాడు. ఇదంతా ఆయన చెయ్యి వదలకుండానే ఆయనతో చెప్పాను. ఆయన తల ఊపారు.

ఆ ఇద్దరు కుర్రాళ్లూ బెంగళూరు వెళ్లి రాళ్ల మీద నడిపి వచ్చారు. ఫోటోలు పంపారు. చూశాను, బాగున్నాయని రాశాను. నా చోట్లో ఎక్కినవాడు మంచి పిల్లాడే, వాడి మీద నాకేం లేదు.

వాళ్లు వెళ్లిన రోజే నేను బండి తోసుకుంటూ మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. అతికిన ముక్క తీసేసి ఎప్పటి పొడవుకి తెమ్మన్నాను. అతను బండి వైపు చూసి, నా వైపు చూసి, గ్రైండరు చేతిలోకి తీసుకుని కూడా ఆగాడు.

"పెద్దాయన్ని అడిగారా అక్కా?" అన్నాడు.

"అడగలేదు. చెప్పాను," అన్నాను. "కొయ్యి."